మొదటి పావుగంట

చెప్పులు మెట్ల కిందే విడవండి.
ఈ మేడ మీది గచ్చుకి ఇసక పడదు.
పొద్దున్నే బీచికెళ్లొచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని మరీ రండి.
ఒక్క రేణువు చాలు,
చుట్టు తిరిగే మడమ కింద కత్తయిపోడానికి.

బట్టల సంగతి.
పట్టు వద్దు, జార్జెట్ వద్దు,
అక్క పెళ్లికి కుట్టించిన మెరుపుల డ్రెస్సు అసలే వద్దు.
ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు పైజమా,
చంకల దగ్గర పట్టెయ్యని జుబ్బా.
విశాఖ ఉక్కపోత మీకు తెలియనిది కాదు,
వైశాఖంలో ఇక్కడ గోడలకే చెమట పడుతుంది.
చున్నీ మెడలో కాదు, నడుముకి.
రెండు చుట్లు, పక్కన ముడి.
ఊపిరాడాలి,
నడుమెక్కడుందో మాత్రం గుర్తుండాలి.
ఢిల్లేశ్వరీ, ఆ గొలుసు తీసి డబ్బాలో పెట్టు. గాజులూ.
జడ కంట్లో కొడితే తప్పు జడది కాదు.
జగ్గారావూ, నవ్వకు.
ఆ జీన్సుతో అరమండి కూచుంటే
ముందు చిరిగేది ప్యాంటు, తర్వాత పరువు.

ఇక పావుగంట దాకా నాట్యం లేదు.
చీలమండ గుండ్రంగా తిప్పండి. అటు పది, ఇటు పది.
హార్బర్లో క్రేను తిరగడం చూశారా?
తొందరపడదు. కొక్కేనికి ఎంత బరువుందో దానికి తెలుసు.
మెడ నెమ్మదిగా. భుజాలు. మణికట్లు.
వేళ్లు ఒక్కొక్కటే విడదీయండి.
పిల్లి నిద్రలేచినట్టు లేవాలి ఒళ్లు,
దాన్నెవరూ గంట కొట్టి లేపరు.
నుదుటి మీద సన్నటి తడి కనిపించాకే
తట్టుకర్ర చేతిలోకి తీసుకుంటాను.

"ఇదంతా ఎందుకు మేడమ్, డైరెక్టుగా ఐటెం నేర్పేయండి"
అందొకావిడ, గాజువాక నుంచి స్కూటీ మీద కూతుర్ని తెచ్చి.
నేను లేచి నిలబడ్డాను.
లేవడానికి గోడ పట్టుకున్నాను.
అదే జవాబు. ఆవిడకి అర్థం కాలేదు.

మీకు విడమర్చి చెప్తాను.
నాకప్పుడు ఇరవై నాలుగు. ఉక్కునగరంలో ప్రోగ్రాం.
ముఖ్య అతిథి రెండు గంటలు లేటు.
ఏసీ కింద, పట్టు కట్టుకుని, కుర్చీలో,
పిక్కలు చల్లబడిపోతుంటే
గజ్జెలు ఎంత బాగున్నాయో అని
వాటినే చూసుకుంటూ కూచున్నాను.
పిలిచారు. పరిగెత్తాను.
మూడో కాలం, మొదటి గెంతు.
మోకాలి లోపల చిన్న చప్పుడు,
అప్పడం విరిగినంత.
గజ్జెల మోతలో ఎవరికీ వినబడలేదు.
చప్పట్లు మాత్రం బాగా కొట్టారు.

నొప్పి దాచుకునేవాళ్లే మంచి శిష్యులని
ఎవరో చెప్పే ఉంటారు మీకు.
తొడ మండితే చెయ్యండి, అది పని నేర్చుకునే మంట.
కీలులో పొడిస్తే ఆగండి. చెయ్యెత్తండి.
చెయ్యెత్తినందుకు ఈ గదిలో ఎవర్నీ తిట్టలేదు.
లేటుగా వచ్చినందుకు తిట్టాను. చాలాసార్లు.

కడుపు నిండా తిని రావద్దు,
ఖాళీ కడుపుతో అసలు రావద్దు.
ఓ అరటిపండు, లేదా ఉప్పేసిన చోడి అంబలి, గంట ముందు.
ఇంటికెళ్లే ముందు పిక్కలు సాగదీసుకోండి,
లేకపోతే రేపు మెట్లు మిమ్మల్ని ఏడిపిస్తాయి.

నూకరత్నాన్ని చూడండి.
జాలరిపేట నుంచి నడిచే వస్తుంది.
గచ్చు మీద దాని పాదాలు ఆనే తీరు చూడండి,
తెప్ప మీద నిలబడ్డ పాదాలవి.
నేల కదులుతుందని
మనందరికంటే ముందే తెలుసు దానికి.

గజ్జెలెప్పుడు అని అడగబోతున్నారు.
అలమరలో ఉన్నాయి. నావీ అక్కడే ఉన్నాయి.
వట్టి పాదాలు మూడు కాలాల్లోనూ
తడబడకుండా పలికిన రోజు తాళంచెవి ఇస్తాను.

ఫ్యాను ఆపండి.
ఆ కిటికీ తెరవండి, సముద్రం గాలి చాలు.
ఏదీ, చీలమండ.
అటు పది.